రేణుక పేరుకు ఎదురుగా సున్నా

ఆ శనివారం సాయంత్రంలోపు నేను చెయ్యాల్సిన పనులు ఇవి. పాత డైరీలో ఇంకా అట్లాగే ఉన్నాయి.

ఒకటి, వాచ్‌మన్ దగ్గర గ్రౌండు తాళంచెవి తీసుకోవాలి. ఆయన ఊరెళ్ళి ఉంటే గోడ దూకాలి.

రెండు, గాజుపెంకులు ఏరాలి. ఫ్యాక్టరీ గోడ వెనక కూర్చుని తాగేవాళ్ళు సీసాలు మా వైపే విసురుతారు.

మూడు, బంతులకు గాలి కొట్టించాలి. సైకిల్ షాపాయన "ఇది బంతా, కోడిగుడ్డా" అని నవ్వినా ఊరుకోవాలి.

నాలుగు, ఖాళీ పెయింటు డబ్బాలు పన్నెండు. ఎనిమిదే ఉన్నాయి.

ఐదు, పన్నెండు మంది పిల్లల ఫొటోలు, బోనఫైడ్లు, పుట్టినతేదీ కాగితాలు.

ఆరు, రేణుక వాళ్ళ నాన్న సంతకం.

ఏడు, సెలక్షన్ ఫారాలు నింపాలి. తప్పు లేకుండా.

ఏడో పని తప్పు లేకుండానే చేశాను. అందుకే ఇదంతా రాయాల్సి వస్తోంది.

నా పేరు పద్మశ్రీ. నాచారంలో స్కూలూ, ఇంటర్ కాలేజీ ఒకే కాంపౌండులో నడిచే ఒక ప్రైవేటు సంస్థలో పీఈటీని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా నాన్న ఇదే ఇండస్ట్రియల్ ఏరియాలో ఇరవై రెండేళ్ళు లేత్ మిషన్ మీద నిలబడ్డాడు. నేను బీపీఈడీ పాసైన రోజు ఆయన ఒకటే మాట చెప్పాడు. "సంతకం బెట్టే కొలువు జేస్తవ్ బిడ్డా. ఉన్నదే రాయి. లేంది రాయకు." ఆ మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. దాని నష్టం మాత్రం నాది కాలేదు, ఇంకొకరిది అయింది.

మా పిల్లలకు రగ్బీ నేర్పాలన్న ఆలోచన నాది కాదు, కరస్పాండెంట్ గోపాలరావు గారిది. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టారు. "కబడ్డీలో కప్పు రావాలంటే వందమందిని ఓడించాలమ్మా. ఈ గుడ్డు బంతి ఆటలో జిల్లా మొత్తం మీద నాలుగే జట్లంటగా. అది నేర్పించండి. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ వేయిద్దాం." ఆయనకు ఆట అంటే ఫ్లెక్సీ. నాకు తెలిసిన రగ్బీ పదిహేను రోజుల క్యాంపులో నేర్చుకున్నంతే. మిగతాది ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని, వీడియోలు ఆపి ఆపి చూసి, నోట్‌బుక్కులో బొమ్మలు గీసుకున్నాను.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బంతి పట్టుకుని అవతలి గీత దాటి, దాన్ని నేలకు ఆనిస్తే ట్రై. పరుగు ముందుకే, కానీ బంతిని చేత్తో ముందుకు ఇవ్వకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. మా పిల్లలంతా కబడ్డీ ఆడి పెరిగినవాళ్ళు. మొదటి నెలంతా ఎవరి చెయ్యి తగిలినా నాలుక కరుచుకుని గీత బయటికి నడిచిపోయేవాళ్ళు. "తాకితె అవుటు గాదే! పట్టి పడేసేదాక ఉరకాలె!" అని అరిచీ అరిచీ నా గొంతు పోయింది. ఆ అలవాటు మానిపించాక ఇంకోటి పట్టుకుంది. బంతి చేతికొచ్చిన పిల్ల కింద పడేదాకా ఒక్కతే ఉరికేది. పక్కన ఖాళీగా ఉన్నవాళ్ళకు ఇవ్వడమన్నదే లేదు. ఎదుటివాళ్ళను నీ మీదికి లాగి, అప్పుడు పక్కదానికి ఇవ్వాలని నోట్‌బుక్కులో నాలుగు లైన్లు రాసుకున్నాను. ఆ నాలుగు లైన్లూ పిల్లల తలకెక్కించడం నావల్ల కాలేదు.

అది ఎట్లా చెయ్యాలో నాకు చూపించింది పల్లెర్ల రేణుక.

అప్పుడు తను తొమ్మిదో తరగతి. పొద్దున ఆటోలో వస్తూ చూశాను. ఫ్యాక్టరీల సందులో ఒక చారల కుక్క ఉండేది, బడి పిల్లల పిక్కలంటే దానికి ప్రాణం. రేణుక ఇద్దరు తమ్ముళ్ళతో వస్తోంది. తప్పుకుని గోడవారగా పోకుండా నేరుగా కుక్క మీదికే, నెమ్మదిగా నడిచింది. అది మొరుగుతూ తన మీదికి వచ్చింది. అంతే, తమ్ముళ్ళిద్దరూ అటు పక్కనుంచి ఉరికి సందు దాటేశారు. అప్పుడు రేణుక కాలితో నేలను తన్ని "హుష్" అంది. కుక్క పోయింది.

గ్రౌండులో అడిగాను. "ఏందే పొద్దుగాల ఆ సర్కసు?"

"ఏమున్నది మేడం. కుక్క ఒక్కటే, మేం ముగ్గురం. అది ఎవలో ఒక్కల మీదికే వస్తది గద. నా మీదికి రప్పిచ్చుకుంటె వాళ్ళు పోతరు. దూరంకెళ్ళి పోతె అది ఎవల మీదికి వస్తదో ఎర్కుండదు."

నోట్‌బుక్కు మూసేశాను. ఆ రోజే నాలుగు పెయింటు డబ్బాలు పెట్టి పదడుగుల సందు చేశాను. మధ్యలో ఒక పిల్ల కుక్క. ఇద్దరు బంతితో వస్తారు. బంతి ఉన్న పిల్ల నేరుగా కుక్క మీదికే పోవాలి. రెండడుగుల దూరం దాకా ఇవ్వకూడదు. తొందరపడి ఇస్తే కుక్క రెండోదాని మీదికి తిరుగుతుంది. ఆలస్యం చేస్తే బంతీ నువ్వూ కలిసి దాని నోట్లో పడతారు. ఇచ్చేటప్పుడు బంతి పక్కదాని చేతుల్లో, ఛాతీకి ఒక జానెడు ముందు పడాలి. ఆగి తీసుకోవాల్సి వస్తే ఆ పరుగంతా దండగ. దీనికి పిల్లలు కుక్క డ్రిల్ అని పేరు పెట్టుకున్నారు. కుక్కగా ఉన్న పిల్ల మొరగాలని రూలు కూడా వాళ్ళదే.

హరిత మొరిగేది కాదు. వాళ్ళ నాన్న రామ్మోహనరావు గారు మా కాలేజీ ఆఫీసులో గుమాస్తా, ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు, ఉప్పల్‌లో కాలనీ ఇల్లు. మా జట్టులో అందరికంటే వేగం ఆ పిల్లదే.

"మొరగవే! ఏం, ఆంధ్రా కుక్కలు మొరగవా?" అనేది రేణుక.

"మొరగవు. డైరెక్టుగా కరుస్తాయి" అనేది హరిత, మీద పడుతూ.

బయట తెలంగాణ కోసం బందులూ ధర్నాలూ నడుస్తున్న రోజులు. బస్సులు లేని రోజు హరిత ఉప్పల్ నుంచి ఉరుక్కుంటూ వచ్చేది. సగం దారిలో రేణుక ఎదురెళ్ళేది. ఇద్దరూ ఆ మిగిలిన దారంతా బంతి ఇచ్చిపుచ్చుకుంటూ వచ్చేవాళ్ళు. మూడేళ్ళు ఇట్లా గడిచాయి. ఇద్దరి మధ్య, ఇదిగో ఇస్తున్నా అన్న కేక కూడా అక్కర్లేకుండా పోయింది.

రెండువేల పన్నెండులో ఇద్దరూ ఇంటర్ రెండో సంవత్సరం. జిల్లా పోటీలు గెలిచాం. హరిత పద్నాలుగు ట్రైలు కొట్టింది. అందులో తొమ్మిదింటికి బంతి ఇచ్చింది రేణుక. ఆ తొమ్మిదిసార్లూ అవతలి పిల్లలు రేణుక మీద పడి ఉన్నారు. హరిత గీత దాటేటప్పటికి రేణుక నోట్లో మట్టి ఉండేది. రేణుక తనంతట తాను కొట్టిన ట్రైలు ఒక్కటీ లేవు. ఫైనల్లో స్టూడియో అతను ఒక ఫొటో తీశాడు. హరిత గాల్లో తేలుతూ బంతి అందుకుంటోంది, ఈ పక్కన ఇద్దరు పిల్లల కింద నలిగిపోతూ రేణుక, బంతి వదిలిన చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

తర్వాత రాష్ట్ర జట్టు సెలక్షన్. జట్టులో పేరొస్తే నేషనల్స్ ఆడిన సర్టిఫికెట్ వస్తుంది. ఆ కాగితం ఉంటే డిగ్రీ కాలేజీలో ఆటల కోటా సీటు, హాస్టలు. హరితకు అది ఉన్నా లేకపోయినా డిగ్రీ చదివే దారి ఉంది. రేణుకకు అదొక్కటే దారి. సంతకం కోసం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళితే వాళ్ళ నాన్న బిక్షపతి ఆ సంగతి దాచకుండా చెప్పాడు.

"ఇద్దరు పోరగాండ్లు ఉన్నరు మేడం. ఆటల మీద సీటొస్తే చదువుకోనీ, నేను అడ్డం రాను. రాకుంటె మాత్రం ఇంటర్ కాంగనే పనిల వెడ్త." నా పెన్నే తీసుకుని మెల్లగా సంతకం పెట్టాడు. పెన్ను తిరిగి ఇస్తూ అడిగాడు. "వస్తది గద మేడం?"

"వస్తది" అన్నాను.

కాగితం మీద లేంది రాయను గానీ, నోటితో ఎంత సులువుగా అన్నాను చూడండి.

ఆ సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో ఫారాలు ముందేసుకుని కూర్చున్నాను. పేరు, పుట్టినతేదీ, ఎత్తు, బరువు, ఆడిన మ్యాచులు, కొట్టిన ట్రైలు. అంతే, ఇంకో గడి లేదు. రేణుక, హరిత ఫొటోలు ఇవ్వడానికి వచ్చి నా భుజాల మీదుగా చూస్తున్నారు.

"మేడం, రేణుకకి నాలుగు వెయ్యండి" అంది హరిత. "నా పద్నాలుగులోంచి తీసెయ్యండి. నావేగా, నేనే ఇస్తున్నా."

"పల్లికాయలు పంచినట్టు పంచుతది సూడుండ్రి మేడం" అని రేణుక నవ్వింది.

నాకు కోపం వచ్చింది. నన్ను అబద్ధం రాయమంటావా అని హరితను తిట్టాను. ఆట అంటే నిజాయితీ అని ఐదు నిమిషాలు చెప్పాను. పిల్లలిద్దరూ చేతులు కట్టుకుని విన్నారు. రేణుక పేరుకు ఎదురుగా గుండ్రంగా, చక్కగా సున్నా చుట్టాను. కింద సంతకం పెట్టి తేదీ వేశాను. మా నాన్న చూస్తే సంతోషిస్తాడనుకున్నాను. గడి పక్కన రెండంగుళాల మార్జిను ఖాళీగా ఉంది. 'తొమ్మిది ట్రైలకు పాస్ ఇచ్చింది' అని అక్కడ రాయొచ్చన్న ఆలోచన రాలేదు నాకు. ఫారంలో గడి ఉంటేనే రాయాలి, మార్జిన్లో గీతలు గీస్తే పెద్దసార్లు కోప్పడతారు. బడిలో నాకు నేర్పింది అదే. మొదటి తరం చదువు నాది, కాగితమంటే భయం పోలేదు.

ఆదివారం ఉప్పల్‌లో గ్రౌండు. సెలక్టర్ పేరు మురళీధర్. మనిషి హ్యాండ్‌బాల్ నుంచి వచ్చినవాడు, ఈ ఆటకు పెద్దలు దొరక్క ఆయన్ను పెట్టారు. ఒక్క పిల్ల కూడా గ్రౌండులోకి దిగకముందే ఆయన కుర్చీలో కూర్చుని ఫారాలను మూడు కట్టలు చేశాడు. పది ట్రైలు దాటినవాళ్ళు ఒక కట్ట, ఐదు దాటినవాళ్ళు ఒక కట్ట, మిగతా అంతా మూడోది. మూడో కట్టలోవాళ్ళు తమలో తాము ఆడుకుంటుంటే ఆయన గ్రౌండుకు వీపు పెట్టి చాయ్ తాగుతున్నాడు. రేణుక మూడో కట్టలో ఉంది. తను ఇచ్చిన బంతి అందుకునేవాళ్ళు లేరక్కడ. నేలమీద పడి దొర్లుతోంది.

వెళ్ళాను. "సార్, ఐదో నంబరు పిల్ల పాస్ ఇచ్చే పిల్ల. మొదటి గుంపులో ఆడించి చూడండి."

"పాస్ అందరిస్తరమ్మా. గోల్ ఎవరు కొట్టిన్రన్నదే ముచ్చట."

"గోల్ కాదు సార్ ఇది. ట్రై."

"ఏదైతేంది?"

"పద్నాలుగు కొట్టిన పిల్లకు తొమ్మిదిసార్లు బంతి ఇచ్చింది ఆ పిల్లే సార్."

"ఏడ రాసున్నది?"

నా నోట్‌బుక్కు తీసి చూపించాను. ఆయన ముట్టుకోలేదు. మూడో కట్టలోంచి రేణుక ఫారం లాగి నా ముందు పెట్టాడు. "ఈ రాత ఎవరిది? మీదే. సంతకం? మీదే. సున్నా అని మీరే రాసిచ్చి, మీరే వచ్చి మంచిగాడ్తది సూడుమంటె నేనేం జెయ్యాలె?"

చెంపమీద కొట్టినా అంత మండేది కాదు. ఆయన మీద మంట, దానికంటే ఎక్కువ ఆ గుండ్రటి సున్నా మీద మంట.

నా ముఖం చూసి ఆయన కొంచెం తగ్గాడు. "సరే, గింత దూరమొచ్చిన్రు. మొదటి గుంపుల పది నిమిషాలు దింపుత. ఒక్క ట్రై కొట్టుమనుండ్రి. పేరు రాసుకుంట."

రేణుకను పక్కకు లాగాను. "ఇయ్యాల పాస్ లేదు. బంతి చేతికొస్తే ఉరుకు. ఎవ్వలకు ఇయ్యకు. సమజైందా?"

"హరిత ఖాళీగుంటే?"

"ఉన్నా సరే."

"కుక్క నా మీదికొస్తే?"

"గుద్దుకుంట పో!"

నా ముఖం ఒకసారి చూసి, ఇంకేం అడగకుండా వంగి బూటు లేసు బిగించుకుంది.

మొదటిసారి బంతి వచ్చింది. రేణుక ఉరికింది. ఎదుట ఒక పిల్ల, పక్కన హరిత. రెండడుగుల దూరం. చేతులు కదిలాయి, బంతి హరిత ఛాతీకి జానెడు ముందు పడింది. ట్రై. మురళీధర్ హరిత నంబరు పక్కన గీత గీసుకున్నాడు.

రెండోసారి. అదే. ఆయన ఇంకో గీత గీశాడు.

"రేణుకా! ఏం జెప్పిన నీకు!" గీత బయటినుంచి అరిచాను. మూడేళ్ళలో ఆ పిల్ల మీద ఎప్పుడూ అట్లా అరవలేదు.

ఇంకో రెండు నిమిషాలు ఉన్నాయనగా మూడోసారి దొరికింది. ఈసారి బంతిని ఛాతీకి అదిమి పట్టుకుంది. ఒకదాన్ని తప్పించుకుంది. మిగిలింది ఒక్క పొడుగు పిల్ల. గీత పదిహేను అడుగులు. ఉరుకు, ఉరుకు అంటున్నాను. ఆ పొడుగు పిల్ల ఇద్దరి మధ్య ఊగుతోంది, రేణుకనా హరితనా తేల్చుకోలేక. రేణుక నేరుగా దాని మీదికే వెళ్ళింది. అది ఒంటి బరువంతా వేసి రేణుకను గుద్దేసింది. ఇద్దరూ కింద పడుతుండగా ఆ రెండు చేతులు మాత్రం పైకి లేచాయి. బంతి హరిత దగ్గరికి పోయింది.

హరిత గీత దాటింది. ఒక్కతే ఉంది. బంతి నేలకు ఆనించలేదు. వెనక్కి తిరిగి నిలబడింది.

"లేవ్వే! రా! నువ్వు పెట్టు!"

రేణుక మీద ఆ పొడుగు పిల్ల పడి ఉంది. మిగతా పిల్లలు హరిత మీదికి ఉరికొస్తున్నారు. మురళీధర్ విజిల్ నోట్లో పెట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు. అప్పుడు నేను ఏమన్నానో తెలుసా? "ఆగు హరితా! ఆగు!" అన్నాను. మూడేళ్ళు ఆట నేర్పిన మనిషిని నేను.

రేణుక తల పైకెత్తి మట్టి ఉమ్మింది. "పెట్టవే పిచ్చిదానా! వస్తున్రు! పెట్టు!"

హరిత ఏడుస్తూ బంతిని నేలకు ఆనించింది.

సాయంత్రం పేర్లు చదివారు. హరిత పేరు రెండోది. రేణుక పేరు లేదు. నేను మురళీధర్ కుర్చీ ముందు నిలబడి నోటికొచ్చింది అన్నాను. కళ్ళతో చూశారు కదా సార్ అన్నాను. మూడు ట్రైలూ ఎక్కడ పుట్టాయో చిన్నపిల్లను అడిగినా చెబుతుందన్నాను. ఆయన ఫారాలు సర్దుకుంటూ, "ట్రై కొట్టలే గదమ్మా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, సిగ్గులేకుండా ఆ కోపం రేణుక మీద చూపించాను. "ఎందుకిచ్చినవే? ఇయ్యకుమన్న గద?"

"చేతులు వినలే మేడం." మోచేతి మీద రక్తం తుడుచుకుంటోంది. "మూడేండ్లు మీరే చేపిచ్చిన్రు. పది నిమిషాలల్ల మర్సిపొమ్మంటె ఎట్ల మరుస్తయ్?"

"నేను వెళ్ళను మేడం నేషనల్స్‌కి" అంది హరిత, ఏడుపు ఆగక.

"పోకుంటె తంత" అంది రేణుక. "ఇన్ని పాసులు దండగ జేస్తవానే?"



బిక్షపతికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన తిట్టలేదు. "మీరు వస్తదన్నరు గద మేడం" అని ఊరుకున్నాడు. తిడితే బాగుండేది.

ఇంటర్ పరీక్షలైన వారానికి రేణుక ప్యాకింగ్ పనిలో చేరింది. పరీక్ష ఫస్ట్ క్లాసులో పాసైంది. ఆ మార్కుల లిస్టు ఇప్పటికీ ఆఫీసు బీరువాలో ఉంది, తీసుకోవడానికి రాలేదు. పొద్దున షిఫ్టుకు పోతూ గ్రౌండు గోడ పక్కన ఒక్క నిమిషం ఆగుతుంది. "గా పిల్ల తొందర వడ్తున్నది మేడం, కుక్క దగ్గరికి రాకముందే ఇస్తున్నది" అని చెప్పి పోతుంది. ప్రతిసారీ ఆ మాట నిజమే అవుతుంది.

గోపాలరావు గారు ఫ్లెక్సీ వేయించారు. ఫైనల్లో స్టూడియో అతను తీసిన ఫొటోయే. 'మా కళాశాల ఆణిముత్యం కుమారి హరిత' అని పెద్దక్షరాలు. రేణుకను కత్తిరించేశారు.

మరుసటి ఏడాది ఫారాల్లో నేను స్కేలు పెట్టి ఒక గడి ఎక్కువ గీశాను. ఇచ్చిన పాసులు అని రాసి, పన్నెండు మందికీ నింపి పంపాను. ప్రొఫార్మా మార్చరాదని తిరిగొచ్చింది. మళ్ళీ గీసి పంపాను. గోపాలరావు గారు పిలిచారు. "ఎందుకమ్మా మనకీ గొడవ? ఫ్లెక్సీ పడిందిగా." ఆయన ముఖం మీదే చెప్పాను, ఆ ఫ్లెక్సీలో సగం ఆట లేదు సార్ అని. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. రగ్బీ నేర్పేవాళ్ళు దొరకరు కదా.

మొన్న జూన్‌లో రాష్ట్రం వచ్చింది. కొత్త ఫారాలు కూడా వచ్చాయి. పైన రాష్ట్రం పేరు మార్చారు. కింద గడులు అవే. స్కేలు నా బల్ల మీదే ఉంది, ఈసారీ గీస్తాను. వెనక్కొస్తే మళ్ళీ గీస్తాను.

ఒక్కటే అడుగుతున్నాను. నాచారం నుంచి మల్లాపూర్ పోయే దారిలో మా గేటు మీద ఆ ఫ్లెక్సీ ఇంకా ఉంది, ఎండకు తెల్లబడింది. అటు పోతే ఆగి చూడండి. హరిత బాగా కనబడుతుంది, బాగా ఆడే పిల్ల, చూడండి. తర్వాత ఎడమ అంచు చూడండి. కత్తిరించినవాడి చెయ్యి సరిగ్గా పడలేదు. మణికట్ల దాకా రెండు చేతులు మిగిలిపోయాయి, వేళ్ళు విప్పి ఉన్నాయి. అవి పల్లెర్ల రేణుక చేతులు. ఆట కాగితాల్లో ఆ సున్నా పక్కన తప్ప ఇంకెక్కడా ఆ పేరు లేదు. మీరైనా గుర్తుపెట్టుకోండి.